ఏడో నంబరు కార్డు

తాళాల షాపు, కౌంటరు దగ్గర
జనవరి రెండో వారం

మావయ్యా,

పెట్టె చేరింది. పోస్టతను దాన్ని అటూ ఇటూ ఊపి, "లోపలేముందమ్మా, గలగలమంటోంది?" అన్నాడు. "ఇరవై నలుగురు బాక్సర్లండీ" అన్నాను. గబగబా సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

కౌంటరు మీద ఇత్తడి పొడి ఊడ్చేసి కార్డులన్నీ పరిచాను. అరవై ఒక్క కిలోల లోపు లైట్‌వెయిట్లు, నువ్వు రింగు చుట్టూ తిరిగిన రోజుల నాటివాళ్లు. ఒక్కొక్కరికీ మూడు అంకెలు వేశావు: దెబ్బ, కాపు, ఊపిరి. ఎదుటివాళ్లని చదును చేసేసే ఆ చాకలి మేస్త్రికి 'ఇస్త్రీ' అని పేరు పెట్టింది ఎవరు? టకటకా చిన్న చిన్న దెబ్బలు కొట్టే 'టైపిస్టు' కూడా నాకు నచ్చాడు. వెనక్కి ఒక్క అడుగు వేయని 'నత్త' మీద మాత్రం మనసు పడిపోయింది.

నోటుబుక్కు మొదటి పేజీలో ఇలా రాసుకున్నావు: "ఆ ఏడాదిని జనవరి నుంచి మళ్లీ ఆడించాలి. ఎవరెవరు ఎప్పుడు తలపడ్డారో అదే వరస. ఫలితం మాత్రం పాచికలది." ఆడించాలని రాసి ముప్ఫై ఏళ్లు ఊరికే ఎందుకు కూర్చున్నావు? సరే, నేను ఆడిస్తాను. బేరం లేనప్పుడు నెలకి నాలుగైదు పోటీలు, మీ భాషలో బౌట్లు. డిసెంబరులో ఆ ఏడాది మొత్తం సమీక్ష రాసి పంపిస్తాను. నీకు ఫోనులో సగమే వినపడుతుంది, మెసేజి పెడితే అద్దాలు ఎక్కడో పెట్టానంటావు. అందుకని ఉత్తరాలే.

నాన్న ఆకురాయి పట్టుకుని ఒక చూపు చూసి "పనికిమాలిన పని" అన్నాడు. అంటూనే నత్త కార్డు తిప్పి చూశాడు.

ఒక అనుమానం. ఇరవై నాలుగు అన్నావు, ఉన్నవి ఇరవై మూడే. ఏడో నంబరు ఏది?

నీ
బుల్లి మేస్త్రి

*

ఆస్పత్రి లాండ్రీ, మూడో మిషను పక్కన
ఫిబ్రవరి మొదట్లో

బుల్లి మేస్త్రీ,

ఏడో నంబరు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పడిపోయి ఉంటుంది. దాని గురించి తల బద్దలు కొట్టుకోకు. ఇరవై మూడుతో ఆడించు. మిగిలినవాడికి ఆ వారం సెలవు అనుకో.

రూలు జాగ్రత్తగా చూడు. రౌండు రౌండుకీ ఇద్దరికీ పాచికలు వెయ్యాలి. తిన్న దెబ్బని బట్టి ఊపిరి తగ్గుతుంది. సున్నా అయితే పడిపోయినట్టు. పడకపోతే పన్నెండు రౌండ్ల తర్వాత పాయింట్లు. నత్తని చూసి జాలిపడి పాచిక తిప్పేశావంటే ఆ ఏడాదంతా చెడుతుంది.

ఇక్కడ పని మామూలే. ఉడికిన బట్టలు మిషనులోంచి లాగడం, ఆరబెట్టడం, మడవడం. రోజుకి నాలుగు వందల తువ్వాళ్లు నా చేతి మీదుగా వెళతాయి. ఒక్క తువ్వాలు విసిరినందుకు ఇంత శిక్షేమిటా అని అప్పుడప్పుడు నాలో నేనే నవ్వుకుంటాను. నువ్వు నవ్వకు.

అక్కని అడిగానని చెప్పు. మీ నాన్నకి ఏమీ చెప్పకు.

మావయ్య

*

షాపు
ఏప్రిల్, వాన కురుస్తున్న మంగళవారం

మావయ్యా,

మూడు నెలల వార్తలు. ఇస్త్రీ నాలుగు బౌట్లాడి నలుగురినీ మడతపెట్టేశాడు. టైపిస్టు ఒక వారం గెలుస్తాడు, ఒక వారం ఓడతాడు, మనిషికి నిలకడ లేదు. పంతొమ్మిదో నంబరు తాళంచెవులు కోసే మిషను వెనక్కి జారిపోయాడు. దొరికేదాకా సస్పెండు చేశాను.

ఇక ఏడో నంబరు. నువ్వు నీళ్లు నమిలితే నాకు తెలియదనుకున్నావా? ఆ ఏడాది బౌట్ల వరసలో ఏడో నంబరు ఐదు చోట్ల ఉంది. చివరిది డిసెంబరులో, ఛాంపియన్ బెల్టు కోసం, ఇస్త్రీతో. అమ్మని అడిగాను. "గొళ్ళెం" అంది, ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే. దగ్గరికి మూసుకున్నాడంటే ఎవరూ తెరవలేరని నాన్నకి రింగులో ఆ పేరట కదా! ఇరవై తొమ్మిదేళ్లొచ్చాయి నాకు, ఇంట్లో ఈ పేరు వినలేదు.

నేనే కొత్త కార్డు చేశాను. దెబ్బ ఎంత వెయ్యాలో అమ్మని అడిగితే "పది" అంది. ఊపిరో? "ఇరవై వెయ్యవే. సణగడం మొదలుపెడితే ఆపడు కదా!" అలాగే వేశాను. ఇప్పుడు గొళ్ళెం అందరినీ చితక్కొడుతున్నాడు.

నాన్నని అడిగే ధైర్యం చేశాను. సాన పట్టడం ఆపలేదు. "ఎనిమిది రౌండ్లయ్యేసరికి పాయింట్లలో నేనే ముందున్నాను. నాకేం కాలేదు. స్టూలు మీద కూర్చుంటే నీళ్లిచ్చేవాడు తువ్వాలు విసిరేశాడు. అది రింగులో పడితే ఓటమి ఒప్పుకున్నట్టే. ఇరవై నాలుగేళ్ల కుర్రకుంక" అన్నాడు. అంతే. గ్లోవ్సు అటకెక్కాయి, నువ్వు ఊరు దాటావు, ఇద్దరికీ మాటల్లేవు.

ఎందుకు విసిరావు మావయ్యా?

బుల్లి మేస్త్రి

*

లాండ్రీ
మే

అమ్మాయ్,

నీ కార్డు తప్పుల తడక. మీ నాన్నకి ఇరవై ఊపిరేమిటి? మీ అమ్మ సణుగుడికీ రింగుకీ సంబంధమేమిటి? దాన్ని వెంటనే చింపెయ్. అసలుది పంపుతున్నాను.

అవును, నా దగ్గరే ఉంది. పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. అంచులు నలిగాయి, ఏమీ అనుకోకు. ఊపిరి అంకె దగ్గర కాగితం పల్చబడింది. పన్నెండని వేసి, చెరిపి పద్నాలుగు వేసి, మళ్లీ చెరిపి పన్నెండు వేశాను. పదమూడు న్యాయం. పదమూడే ఉంచాను.

ఒక పని చేసిపెట్టు. డిసెంబరు బౌటుని ఇప్పుడే, ఏడాది లెక్కలో కలపకుండా, విడిగా పదిసార్లు ఆడించు. ఎనిమిదో రౌండు దగ్గర ఆపకు, పన్నెండూ ఆడించు. పదిలో బావ ఎన్నిసార్లు గెలిచాడో రాయి. నాకు కావలసింది ఆ అంకె ఒక్కటే. నేనే ఆడించి చూద్దామని ఎన్నోసార్లు పాచికలు చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి తెరుచుకోలేదు.

ఎందుకు విసిరావని అడిగావు. ముందు అంకె పంపు.

మావయ్య

*

ఇల్లు, మేడ మీద
జూలై

మావయ్యా,

నెల్లాళ్లు ఈ ఉత్తరం రాయలేదు. అబద్ధం రాద్దామా అనుకున్నాను. జాలిపడి పాచిక తిప్పితే ఏడాదంతా చెడుతుందన్నావుగా.

పదిలో ఏడు.

ఏడుసార్లు నాన్న గెలిచాడు. అన్నీ పాయింట్ల మీదే. రెండుసార్లు ఇస్త్రీ గెలిచాడు, ఒకసారి సమానం. ఇంకో పదిసార్లు ఆడిద్దామనుకున్నాను కానీ నువ్వు అడిగింది పదే.

కోపం తెచ్చుకోకు. భోజనం మానకు. అమ్మ కూడా అదే మాట రాయమంది, ఆవిడకి అంకె సంగతి చెప్పలేదు.

బుల్లి మేస్త్రి

*

లాండ్రీ
ఆగస్టు

బుల్లి మేస్త్రీ,

ఏడు. సరే. నిజం రాసినందుకు నీ మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు నా వంతు. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఎనిమిదో రౌండు గంట కొట్టారు. బావ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తన మూలకే వచ్చాడు, తిన్నగానే నడిచాడు. జనం చప్పట్లు. నేను నీళ్లిచ్చి కనుబొమ మీద గాయం తుడుస్తున్నాను. "షాపుకి తాళం వేశానా?" అన్నాడు. జోకేస్తున్నాడనుకుని "వేశావు బావా" అన్నాను. నోట్లో నీళ్లు ఉమ్మి, "షాపుకి తాళం వేశానా?" అన్నాడు. మొదటిసారి అడిగినట్టే అడిగాడు, అదే గొంతు. "వేశావు బావా" అన్నాను. మూడోసారి కూడా అదే మాట. రౌండుకీ రౌండుకీ మధ్య ఒక్క నిమిషం ఉంటుందమ్మా. అందులో నలభై సెకండ్లు ఇలా పోయాయి. తువ్వాలు నా భుజం మీదే ఉంది.

బావని చేర్చిన ఆస్పత్రికి వెళ్లి చెబుదామనుకున్నాను. మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. తర్వాత చెబితే సాకులా ఉంటుంది. పైగా తాళాలు చేసే మనిషి తాళం గురించి అలా అడిగాడంటే జనం నవ్విపోతారు. నన్ను పిరికివాడంటే అననీ అనుకున్నాను.

నా ఆటలో దెబ్బకి అంకె ఉంది, కాపుకి ఉంది. ఆ ప్రశ్నకి అంకె లేదు. తువ్వాలు విసిరే రూలు నేనే రాయలేదు. రాస్తే మళ్లీ నేనే విసరాలిగా! నీకొచ్చిన ఏడూ ఆ రూలు లేని ఆటలో వచ్చినవి.

ఇదంతా నీ కడుపులో పెట్టుకో. మీ నాన్నకి చెప్పనని మాటివ్వు.

మావయ్య

*

షాపు, కౌంటరు దగ్గర
డిసెంబరు చివరి వారం

మావయ్యా,

మాట తప్పలేదు. ముందు సమీక్ష, తర్వాత సంగతులు. ఈ వరస మార్చనని గట్టిగా అనుకుని కూర్చున్నాను.

ఏడాది మొత్తం నలభై ఆరు బౌట్లు. పడిపోయినవాళ్లు పదిహేడు మంది. ఏడాదిలోకెల్లా గొప్ప బౌటు అక్టోబరులో నత్తకీ టైపిస్టుకీ జరిగింది. టైపిస్టు పదకొండు రౌండ్లు కొట్టి కొట్టి అలిసిపోయాడు, పన్నెండులో నత్త ఒకే ఒక్కటి కొట్టాడు. నేను కేక పెడితే పక్క షాపు టైలరు సూది పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఏడాదిలోకెల్లా పరమ చెత్త పద్నాలుగో నంబరు, తొమ్మిదాడి తొమ్మిదీ ఓడాడు. అతని మీద టీ కూడా ఒలికింది. పంతొమ్మిదో నంబరు దొరికాడు, సస్పెన్షన్ ఎత్తేశాను. గొళ్ళెం పాత బౌట్లు కూడా నువ్వు పంపిన అసలు కార్డుతో మళ్లీ ఆడించాను, నాలుగాడి నాలుగూ గెలిచాడు.

నీ ఉత్తరం వచ్చాక సెప్టెంబరులో కొత్త రూలు ఒకటి పెట్టాను. గంట కొట్టేసరికి ఎవరి ఊపిరైనా ఐదు కంటే తగ్గితే, అతని మూలన ఉన్న మనిషి తేల్చుకోవాలి. తువ్వాలు వెయ్యొచ్చు. వెయ్యకపోతే ఒక్క పాచిక విసరాలి. ఒకటి పడితే ఆ కార్డు చింపెయ్యాలి. ఆ బాక్సరు మళ్లీ ఎప్పటికీ ఆడడు. ఇంకే అంకె పడినా ఆట సాగుతుంది. అంటే ప్రతి బాక్సరుకీ మూలన ఒక మనిషి కావాలి.

నాన్న ఆ రూలు నా భుజం మీదుగా చదివాడు. "ఎవడు పెట్టాడీ రూలు?" "నేనే." "నీకేం తెలుసని?" "అయితే డిసెంబరు బౌటుకి గొళ్ళెం మూలన నువ్వే ఉండు" అన్నాను. ఒప్పుకుంటాడనుకోలేదు. మూడు నెలలు ఆ మాటే ఎత్తలేదు. పోయిన ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, స్టూలు లాక్కుని కూర్చుని, "ఏదీ?" అన్నాడు.

ఇస్త్రీ మూలకి మనిషి కావాలంటే అమ్మ వచ్చింది. "అప్పుడంతా ఈయన కోసం అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఈసారి ఇస్త్రీ కోసం అరుస్తాను" అంది. ఇస్త్రీకి నాలుగో రౌండులో జంట ఆరులు పడ్డాయి మావయ్యా! అమ్మ బల్ల గుద్దింది. నాన్న ఆవిడకేసి గుర్రుగా చూశాడు. ఆట అంటే అదీ.

ఎనిమిదో రౌండు అయ్యింది. గొళ్ళెం రెండు పాయింట్లు ముందున్నాడు. ఊపిరి నాలుగు.

నాన్న పాచిక చేతిలోకి తీసుకున్నాడు. "ఆరింట్లో ఒక్కటేగా" అన్నాడు. విసరలేదు. కార్డు తీసి వెలుతుర్లో పెట్టి చూశాడు. ఊపిరి దగ్గర కాగితం పల్చబడి ఉందిగా, దాని మీద వేలు పెట్టి, "ఇక్కడ ఇన్నిసార్లు చెరిపిందెవరు?" అన్నాడు. "మావయ్య." "దీన్ని నిజంగా చింపేస్తావా?" "రూలు నాన్నా." బయట ఎవరో షట్టరు తట్టి తాళంచెవి కావాలన్నారు. "ఆగండి" అన్నాడు. ఆ మనిషి ఆగీ ఆగీ వెళ్లిపోయాడు. నాన్న మాత్రం పాచిక గుప్పిట్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మూడు తాళంచెవులు కోసేంత సేపు.

తర్వాత పాచిక పక్కన పెట్టేశాడు. ఇత్తడి పొడి తుడిచే గుడ్డ భుజం మీంచి తీసి కార్డు మీద వేశాడు.

"వాడికి అప్పుడెన్నేళ్లు?" అన్నాడు. "ఇరవై నాలుగు" అంది అమ్మ. "వాడికున్నది ఒక్క నిమిషం" అన్నాడు నాన్న. "నేనిప్పుడు పావుగంట తీసుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నాన్న నాకేసి తిరిగి, "స్టూలు మీద నేనేమైనా అన్నానా ఆ రోజు? నీకు వాడు రాశాడా?" అన్నాడు. మాటిచ్చానుగా. "మావయ్యనే అడుగు" అన్నాను. కాగితం ఇమ్మన్నాడు. ఆ కాగితం ఇందులోనే పెడుతున్నాను. నేను చదవలేదు, చదివితే తెలిసిపోయేలా మడిచాడు.

కనుక ఏడాది చివర లైట్‌వెయిట్ల లెక్క ఇది: ఛాంపియన్, ఇస్త్రీ. తర్వాతి స్థానం గొళ్ళెందే. కార్డు చిరగలేదు.

బుల్లి మేస్త్రి

*

షాపు

బావమరిదికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉత్తరాలు నా పని కాదు.

ఒక్క విషయం నేను ఎవరికీ చెప్పలేదు. ఏడో రౌండు గంట గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆస్పత్రిలో సీలింగు ఫ్యాను. దానికి ఒక రెక్క వంగి ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఎనిమిదో రౌండులో నేను ముందున్నానని మర్నాడు పేపర్లో చదివి తెలుసుకున్నాను. నాకేం కాలేదని అప్పటినుంచీ అందరికీ చెబుతున్నాను.

గుర్తులేని రౌండు గురించి నీ మీద ముప్ఫై ఒక్క ఏళ్లు కోపం పెట్టుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాశాను.

ఆ స్టూలు మీద నేనేమన్నాను? దాచకుండా చెప్పు.

బావ

*

లాండ్రీ, మూడో మిషను ఆపి
జనవరి

బావా,

"షాపుకి తాళం వేశానా?" అని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ వేశావని చెప్పాను. ఇంతవరకు అమ్మాయికి తెలుసు.

ఆ తర్వాతది అమ్మాయికి కూడా రాయలేదు. నాలుగోసారి తాళం మాట అడగలేదు. నా మొహంలోకి చూసి "మీరెవరండీ?" అన్నావు. ఎంతో మర్యాదగా అన్నావు బావా. ఒరేయ్ అని తప్ప నువ్వు నన్నెప్పుడూ పిలవలేదు. అందుకని విసిరాను.

బెల్టు పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. విసిరినందుకు లేదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నాలుగు వందల తువ్వాళ్లూ మడిచాను. ఈవేళ ఒక్కటీ బరువనిపించలేదు.

నీ బావమరిది

*

షాపు
జనవరి, మూడో శుక్రవారం

ఒరేయ్,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. "మీరెవరండీ" దగ్గర ఆగిపోయాను, మిగతాది అమ్మాయి చదివింది. అంతా అయ్యాక తాళం మాట తలుచుకుని మీ అక్క కళ్లు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది. ఏమిటే అంటే ఎంతకీ చెప్పదు.

చివరికి చెప్పింది. ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి బట్టల కోసం ఇంటికి వస్తూ చూస్తే షాపు బార్లా తెరిచి ఉందట. పక్క టైలరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడట. తాళాల మేస్త్రి తన షాపుకే తాళం వెయ్యలేదంటే పరువు పోతుందని ఆవిడా ఆయనా ఇన్నేళ్లూ నోరు మెదపలేదు.

అంటే నేను తాళం వెయ్యలేదు. నువ్వు మూడుసార్లు అబద్ధం చెప్పావు.

వచ్చే ఆదివారం బయలుదేరి రా. మీ అక్క గది సర్దేసింది. అమ్మాయి కొత్త ఏడాదికి కార్డులు పరిచింది, నత్త మూలన నువ్వే ఉండాలంటోంది. సాయంత్రం షట్టరు నేను దించుతాను. నువ్వు తాళం లాగి చూసి, పడిందో లేదో చెప్పు. ఈసారి నిజం చెప్పు.

బావ